చిరుతగారి బిళ్ల

ఒక పెద్ద అడవిలో అంతకన్నా పెద్ద పేరున్న ఆస్పత్రి ఒకటి ఉండేది. దానికి సూపరింటెండెంటు చిరుతపులి. కోత కోయాలన్నా ఆయనే, కుట్టు వేయాలన్నా ఆయనే. పరీక్షలు చేసే పని గుడ్లగూబది.

చిత్ర అనే చుక్కల దుప్పికి వెనకకాలి మీద నల్లటి పుండు లేచింది. కేన్సర్ అని తేలితే శుభ్రంగా తీసేశారు. ఆ రోగం పాకితే ముందు గజ్జల్లోని బిళ్లలకే, అంటే లింఫు గ్రంథులకే చేరుతుందని, ఒక బిళ్ల తీసి గుడ్లగూబకు పంపారు.

గుడ్లగూబ మైక్రోస్కోపులో ఒక్క చూపు చూసి, "నల్ల కణాలు! పాకింది!" అని తేల్చేసింది.

"తొడ దాకా కాలు తీసెయ్యాలమ్మా," అన్నారు చిరుతగారు, నోట్లో ఊరిన నీళ్లు దిగమింగుకుంటూ.

చిత్రకి పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యా, మూడు కాళ్లతో ఈ అడవిలో ఒక్కపూట బతకను. ఒళ్లంతా మచ్చలతో పుట్టినదాన్ని. ఆ మచ్చల కణాలే నాలుగు దారితప్పి బిళ్లలో చేరాయేమో, ఇంకోసారి చూడండయ్యా!"

"డాక్టరువి నువ్వా, నేనా?" అని గయ్యిమంది గుడ్లగూబ. చిత్రని బల్లకి కట్టేశారు.

చిరుతగారి బుర్ర అక్కడితో ఆగలేదు. ఇంకెంతమంది కాళ్లకి పాకిందోనని, అడవి మొత్తానికి బిళ్లల పరీక్ష పెట్టించారు. అందరికీ ధైర్యం రావాలని మొదటి బిళ్ల తనదే తీయించుకున్నారు. కోతులు ఫొటోలు తీశాయి, చప్పట్లు మోగాయి.

గుడ్లగూబ అలవాటు కొద్దీ ఒక్క చూపు చూసి అరిచింది. "నల్ల కణాలు! పాకింది!"

బల్ల మీంచే చిత్ర తలెత్తి, "సారు, నా పక్క బల్ల ఖాళీగానే ఉందండీ," అంది.

"అంతంత గుడ్లు ఎందుకున్నాయే నీకు? సరిగ్గా చూడు!" గర్జించారు చిరుతగారు.

ఈసారి గుడ్లగూబ చూడాల్సినంతసేపు చూసింది. "చిత్తం, పొరపాటు. ఇవి పుట్టినప్పట్నుంచీ బిళ్ల గోడవారన కూర్చుని, ఎవరి జోలికీ పోని మచ్చ కణాలండీ. కేన్సర్ కానే కాదు."

"మరి నావో?" అంది చిత్ర.

అప్పటికే కోతులు మైక్రోస్కోపులో ఇద్దరి బిళ్లల ముక్కలనీ తొంగిచూసి, ఒకేలా ఉన్నాయని అందరికీ చెప్పేస్తున్నాయి. "అవీ ఇవేనమ్మా," అని గొణిగింది గుడ్లగూబ.

కట్లు విప్పగానే చిత్ర నాలుగు కాళ్లతో పరుగందుకుంది. క్షమించమని ఎవరూ అడగలేదు. మర్నాడు, మంచి కణాలని కనిపెట్టిన మహా వైద్యుడని చిరుతగారికి శాలువా కప్పారు.

నీతి: మీ మచ్చ కేన్సర్ కాదని తేలాలంటే, అదే మచ్చ పెద్దవాళ్ల ఒంట్లో కూడా బయటపడాలి.