కట్టయ్య కడుపునొప్పికి స్థానిక ధ్రువపత్రం

మానవ శరీరంలో తలెత్తే ప్రతి నొప్పికీ ఒక జన్మస్థలం ఉంటుందనీ, అది తేలేదాకా దానికి వైద్యం కోరే అర్హత ఎవరికీ లేదనీ సర్వరక్ష బీమా సంస్థ ఏనాడో తీర్మానించింది. (నొప్పి ఉన్నవాళ్లను సంప్రదించలేదు. వాళ్లు మూలుగుతూ ఉంటారు కాబట్టి అభిప్రాయం స్పష్టంగా చెప్పలేరని సంస్థ నమ్మకం.)

ఈ తీర్మానం సంగతి తొర్రూరులో విత్తనాల దుకాణం నడిపే కట్టయ్యకు తెలియదు. ఆ ఏడు పత్తి విత్తనాలు దండిగా అమ్మినందుకు కంపెనీవాళ్లు డీలర్లందరినీ బ్యాంకాక్ తీసుకుపోయారు. మిగతా డీలర్లు సముద్రం చూశారు, ఇంట్లో చెప్పకూడనివి మరికొన్ని చూశారు. నూట నలభై కిలోల కట్టయ్య మాత్రం టూరు అయిపోయాక కూడా అక్కడే ఉండి, బరువు తగ్గడానికి కడుపు సంచిని చిన్నదిగా కోయించుకుని వచ్చాడు. దాచుకున్నదంతా దానికే అయిపోయింది. అయితేనేం, మూడు నెలల్లో మనిషి సగమయ్యాడు, పాత ప్యాంట్లు తమ్ముళ్లకు పంచాడు, స్కూటర్ మీద వెనక భార్య రుక్మిణికి మొదటిసారి చోటు దొరికింది.

ఆ తర్వాత ముద్ద దిగడం మానేసింది. కుట్ల దగ్గర దారి మూసుకుపోతోందని దవాఖానలో తేల్చారు. "రెండు నెలలల్ల మళ్ల కొయ్యాలె. లేకుంటె నీళ్లు సుత దిగయి" అన్నాడు డాక్టరు.

కట్టయ్య బెంబేలు పడలేదు. ఆయనకు టూరు బీమా ఉంది, ఊళ్లో వచ్చే జబ్బులకు ఇంటి బీమా కూడా ఉంది, రెండూ సర్వరక్షవే. టూరు కౌంటరులో, "నొప్పి తొర్రూరులో వచ్చింది, కనుక స్థానికం, ఇంటి కౌంటరుకు వెళ్లండి" అన్నారు. ఇంటి కౌంటరులో, "కోత బ్యాంకాక్‌ది, కనుక స్థానికేతరం, టూరు కౌంటరుకు వెళ్లండి" అన్నారు. రెండు కౌంటర్లకూ ఒకటే ఫ్యాను. కట్టయ్య దాని కిందే నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు. చివరికి క్లెయిముల అధికారి దయతలచి, ఈ నొప్పి తొర్రూరు వాస్తవ్యురాలేనని రెవెన్యూ ఆఫీసు నుంచి ధ్రువపత్రం తెమ్మన్నాడు.

"నొప్పికి సర్టిఫికెట్ ఎట్లిస్తరు సార్?"

"మనిషికి ఇస్తున్నారు కదండీ. లోపలిదానికి ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది?"

కట్టయ్యకు అది న్యాయంగానే తోచింది. కానీ అప్పటికి సకల జనుల సమ్మె మొదలైంది. తహసీల్దారు ఆఫీసుకు తాళం, ఆఫీసంతా ఎదురుగా టెంటు కింద. వీఆర్వో ఆగయ్య మెడలో బంతిపూల దండతో రిలే నిరాహార దీక్షలో కూర్చున్నాడు.

"కట్టన్నా, రాష్ట్రం వచ్చేదాక పెన్ను ముట్ట. జర సోంచాయించు" అన్నాడు. తర్వాత కట్టయ్యను ఎగాదిగా చూశాడు. "నువ్వెట్లాగూ తినలేవు గదనే. ఇయ్యాల ఒక మనిషి తక్కువైండు. కూసో!"

కూర్చున్నాడు. తెలంగాణ అంటే కట్టయ్యకూ ప్రాణమే. మిగతావాళ్లు ఒక్కపూట కూర్చుని సాయంత్రానికి నీరసపడుతుంటే, ఈయన వరసగా పద్దెనిమిది రోజులు నవ్వుతూ కూర్చున్నాడు. సాయంత్రం ఇచ్చే నిమ్మరసం కూడా రెండు గుక్కల తర్వాత పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఆ త్యాగానికి జనం చప్పట్లు కొట్టారు, పేపర్లో ఫోటో పడింది. రుక్మిణి మాత్రం టెంటు దగ్గరికొచ్చి తగులుకుంది.

"గీనెకు దీక్ష లేదు పాడు లేదు, పేగు మూసుకపోయింది! దండలేసుడు బందుపెట్టి ఆ కాయితం రాసియ్యి ఆగన్నా, నీ కాల్మొక్కుత."

ఆగయ్యకు కళ్లు చెమర్చాయి. కానీ సమ్మె సమ్మే.

నలభై రెండో రోజున సమ్మె విరమించారు. మాట తప్పని మనిషి ఆగయ్య, మొదటి పనిగా కట్టయ్య ఇంటిముందు కుర్చీ వేయించుకుని పంచనామా మొదలుపెట్టాడు. ఎదురింటి సోమక్కను సాక్షిగా పిలిచాడు.

"ఈ నొప్పిని నువ్వు ఎన్నొద్దుల సంది ఎరుగుదువవ్వా?"

"బతుకమ్మకు ముందట్నుంచి బిడ్డా. తెల్లారి ఐదింటికి లేస్తది. మా కోడి కంటె ముందుగాల్నే."

"వేరే ఊరికి పోయి వస్తదా?"

"ఏడికి పోతది పాపం, ఈనె తోటే ఉంటది."

వేలిముద్ర పడింది, గుండ్రటి ముద్ర పడింది. నొప్పికి తూర్పున ప్లీహం, పడమర కాలేయం అని హద్దులు కూడా ఆగయ్య శ్రద్ధగా రాశాడు. (భూమికి రాసీ రాసీ చేయి అలవాటు పడింది.) డాక్టరు పెట్టిన గడువుకు ఇంకా వారం ఉంది. నీళ్లు చెంచాతో తాగుతున్నా, కట్టయ్య ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని, గెలిచినట్టే అనుకుంటూ రుక్మిణితో కలిసి బీమా ఆఫీసుకు వెళ్లాడు.

క్లెయిముల అధికారి రెండుసార్లు చదివి మెచ్చుకున్నాడు.

"చక్కటి పత్రం. కానీ స్థానికత రావాలంటే ఒకేచోట వరసగా నాలుగేళ్ల నివాసం ఉండాలి. మీ నొప్పికి రెండు నెలలు కూడా నిండలేదు. నాలుగేళ్లు నిండగానే రండి, వెంటనే మంజూరు చేస్తాం. మధ్యలో మాత్రం నయం చేయించుకోకండి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది."

రుక్మిణి కొంగు నోట్లో కుక్కుకుంది. కట్టయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, డాక్టరు చెప్పిన టైముకు ఇంక వారమే ఉన్నది. అంతల నేను సచ్చిపోతే?"

అధికారి మొదటిసారి కళ్లద్దాలు తీసి, ఎంతో ఆదరంగా చెప్పాడు.

"ఆ క్లెయిము పై అంతస్తులో చూస్తారండీ. అక్కడ స్థానికత అడగరు."