ఒకటా, రెండా? (ఫారం 7-సి)

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది. ఆ తర్వాత కొన్ని వేల ఏళ్ళు చెప్పుకోదగ్గ పనేదీ చేయకుండా కాలక్షేపం చేసి, చివరికి సస్కాచెవాన్ రాష్ట్రంలో, పదకొండు వందల నలభై మంది జనాభా గల బ్రాండెల్ ఊళ్ళో ఫారం 7-సి కనిపెట్టింది. ఇక కనిపెట్టడానికి ఏమీ మిగల్లేదని అక్కడి పెద్దల అభిప్రాయం.

ఆ ఫారం పని చాలా చిన్నది. కెనడా ఫుట్‌బాల్‌లో బంతిని అవతలి గీత దాటిస్తే ఆరు పాయింట్లు, అది టచ్‌డౌన్. వెంటనే కొసరుగా ఒకే ఒక్క ప్రయత్నం ఇస్తారు, దాని పేరు కన్వర్ట్. దూరం నుంచి బంతిని తన్ని రెండు స్తంభాల మధ్యగా పంపితే ఒక పాయింటు. కాదూ, గీతకి మూడు గజాల ఇవతల నిలబడి మళ్ళీ మనుషుల్ని తోసుకుంటూ దాటిస్తే రెండు. బ్రాండెల్ జట్టు తన్నుడు పదింట ఎనిమిదిసార్లు గురి తగులుతుంది. తోపులాట పదింట అయిదుసార్లకి పైగానే ఫలిస్తుంది. ఏడాది మొత్తం లెక్కేస్తే రెండుకి వెళ్ళడమే కాస్త లాభం. అయిదో క్లాసు పిల్లలు చేసే లెక్క. కానీ ఏడాది సగటుని ఎవరూ పొద్దున్నే నిలదీయరు. కోచ్‌ని నిలదీస్తారు.

ఆ కోచ్ ఓరెస్ట్ హ్రిట్సాక్. వృత్తి ట్రాక్టర్లు బాగుచేయడం. పంతొమ్మిదేళ్ళుగా బ్రాండెల్ బ్యాడ్జర్స్ జట్టుకి కోచ్ (జీతం ఉండదు, అయిదేళ్ళకోసారి ఉన్ని టోపీ ఇస్తారు). నిరుడు అక్టోబరులో సెమీ ఫైనల్ ఆఖరి నిమిషంలో, ఒక్క పాయింటు వెనకబడి ఉండగా, తన్ని సమం చేయకుండా రెండుకి వెళ్ళాడు. బంతి పట్టుకుని పరిగెత్తిన గార్నెట్ వీబ్ గీతకి జానెడు ఇవతల కాలు జారి పడ్డాడు. జట్టు ఓడింది.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి ఓరెస్ట్ ఎప్పట్లాగే సహకార సంఘం కాఫీ హోటల్‌కి వెళ్ళాడు. అక్కడ కిటికీ పక్కన పొడుగు బల్ల ఒకటుంది. దాన్ని కాఫీ వరస అంటారు. పంటల ధర దగ్గర్నుంచి పక్కింటివాడి మోకాలి నొప్పి దాకా అన్నీ అక్కడే తేలతాయి. వెనక గోడకి ముప్పై హుక్కులు, ఒక్కో హుక్కుకి ఒక్కొక్కరి కప్పు. ఆ రోజు ఓరెస్ట్ పసుపుపచ్చ కప్పు హుక్కుకి లేదు. ఎవరో పారేసుకున్న వస్తువులు దాచే అట్టపెట్టెలో, ఒంటి చేతితొడుగు పక్కన, ఎవరిదో పళ్ళ సెట్టు మీద బోర్లించి ఉంది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. బ్రాండెల్‌లో ఎవరూ ఎవర్నీ తిట్టరు. కప్పు తీసేస్తారు.

ఆ ఏడాదంతా ఓరెస్ట్ కౌంటర్ దగ్గర నిలబడి కాగితం కప్పులో తాగాడు. మనిషి గట్టివాడే. కానీ ఖాళీ హుక్కు కంటపడ్డ ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది. పెళ్ళానికి కూడా చెప్పుకోలేదు, ఏం చెప్తాడు, కప్పు కోసం బెంగపెట్టుకున్నానని చెప్తాడా!

ఇలాంటి విషాదం మళ్ళీ జరక్కూడదని క్లబ్బు వార్షిక సమావేశంలో కన్వర్ట్ నిర్ణయాల స్థాయీ సంఘం వేశారు. సభ్యులు అయిదుగురు, అందరూ కాఫీ వరస వాళ్ళే. అధ్యక్షుడు లోర్న్ మెకాస్కిల్, డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవాల రైతు, ఫుట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు కాబట్టి నిష్పక్షపాతి. కార్యదర్శి మార్లిస్ ఫ్రీసెన్, రిటైరైన పోస్టుమాస్టరు. తారీఖు వేయని కాగితాన్ని ఆవిడ కాగితంగా గుర్తించదు. ఫారం 7-సి రాసింది ఆవిడే. అందులో పందొమ్మిది గడులు. ఒకటో గడి: స్కోరు. ఆరో గడి: గాలి వేగం (ధాన్యం గిడ్డంగి మేనేజరు సంతకం తప్పనిసరి). పదకొండో గడి: తన్నువాడి మానసిక స్థితి (భార్య ధ్రువీకరించాలి). పందొమ్మిదో గడి: ఫలితానికి బాధ్యులు. మిగతా గడులన్నీ ఖాళీగా ఉంటాయి. పందొమ్మిదోదాంట్లో మాత్రం ఓరెస్ట్ హ్రిట్సాక్ అని ముందే అచ్చేయించారు, కోచ్‌కి రాత శ్రమ తగ్గించడానికి.

మొదటి ఆటలో చిన్న చిక్కు వచ్చింది. రిఫరీ ఈల వేశాక ఇరవై సెకన్లలో ఆట మొదలుపెట్టాలి. ఫారం నింపి, తీర్మానం ప్రవేశపెట్టి, బలపరిచి, చర్చించి, ఓటేసేసరికి నలభై నిమిషాలు. తమ పనిని ఇరవై సెకన్లకి తగ్గించాలా, ఆట గడువుని నలభై నిమిషాలకి పెంచాలా అని సంఘం లీగు వాళ్ళకి ఉత్తరం రాసింది. జవాబు రాలేదు. అందుకని అనుమతులన్నీ గురువారం మధ్యాహ్నంలోపే ముందుగా తీసుకోవాలని నిర్ణయించారు. ఆదివారం ఆటలో తన జట్టు ఎప్పుడెప్పుడు ఎన్ని పాయింట్లు వెనకబడి ఉంటుందో కోచ్ గురువారమే తెలపాలి. ఓరెస్ట్ అరవై ఒక్క ఫారాలు నింపి ఇచ్చాడు. తన్నేవాడి పేరు డార్సీ, స్కూలు బస్సు డ్రైవరు. మొగుడు మానసికంగా బాగానే ఉన్నాడని వాళ్ళావిడ అరవై ఒక్కసార్లు సంతకం చేసింది. యాభయ్యో సంతకం దగ్గర్నుంచి ఆవిడకే అనుమానం మొదలైందట.

ఈ కట్ట చూసి జాలిపడి మార్లిస్ అన్నిటినీ కలిపి ఒక పట్టిక తయారుచేసి, వాన తగిలినా తడవకుండా లామినేషన్ చేయించింది. రెండు వెనక: రెండుకి వెళ్ళవచ్చు. అయిదు వెనక: రెండుకి వెళ్ళవచ్చు. పన్నెండు ముందు: ఏదైనా చేయవచ్చు, గొప్పలు పోరాదు. ఒకే ఒక్క వరస దగ్గర పని ఆగిపోయింది. టచ్‌డౌన్ అయ్యాక ఒక్క పాయింటు వెనక. నిరుటి కొంప ముంచింది ఆ వరసే. దాని మీద మూడుసార్లు కూర్చున్నారు. మూడుసార్లూ ఇద్దరు ఒకటన్నారు, ఇద్దరు రెండన్నారు, అధ్యక్షుడు అధ్యక్ష పీఠం గౌరవార్థం ఓటేయలేదు. చివరికి ఆ గడిలో ఇలా రాశారు: ఈ పరిస్థితి తలెత్తకుండా చూసుకొనుట కోచ్ విధి.

ఇక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో టర్న్‌లీ అని ఒక ఊరుంది. బ్రాండెల్‌లో ఉన్నది ఏదైనా తమకి లేకపోతే టర్న్‌లీ వాళ్ళకి ముద్ద దిగదు. వాళ్ళూ సంఘం వేశారు, ఏడుగురితో. మరీ వెనకబడకూడదని, ఎదుటివాళ్ళ కన్వర్ట్‌ని ఎలా అడ్డుకోవాలో కూడా ఆ సంఘమే చెప్పాలని పెట్టుకున్నారు.

ఆ ఏడాది ఫైనల్‌కి వచ్చినవి ఆ రెండు జట్లే. ఆడేవాళ్ళు చాలక రెంటినీ వచ్చే ఏడు ఒకే జట్టుగా కలిపేస్తున్నట్టు లీగు అప్పటికే చెప్పేసింది. గెలిచిన ఊరి పేరు, మైదానం, కోచ్ ఉంటాయి. ఓడిన ఊరికి చప్పట్లు కొట్టే అవకాశం ఉంటుంది. ఓరెస్ట్‌కి రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. పంతొమ్మిదేళ్ళు తను గీతలు గీసిన మైదానంలో ఎవరో ఎండుగడ్డి కట్టలు పేరుస్తున్నట్టు ఒకటే ఊహ.

ఆదివారం మధ్యాహ్నం. మైదానం మీద గాలి ఈడ్చి కొడుతోంది. గ్యాలరీ పక్కన వేడివేడిగా పెరోగీలు (బంగాళాదుంప కూరిన కుడుములు) అమ్ముతున్నారు. ఆట అంతా అయి, గడియారం సున్నాకి వచ్చే ఆఖరి ఎత్తులో గార్నెట్ బంతితో గీత దాటాడు. అంతవరకు టర్న్‌లీ ఇరవై నాలుగు, బ్రాండెల్ పదిహేడు. ఇప్పుడు ఇరవై మూడు. కన్వర్ట్ ఒక్కటే మిగిలింది. తన్నితే సమం, అదనపు ఆట. తోసుకెళ్తే గెలుపు. ఏదీ కుదరకపోతే ఊరి పేరే పోతుంది.

ఓరెస్ట్ పట్టిక తీసి వేలితో వరస వెతికాడు. ఈ పరిస్థితి తలెత్తకుండా చూసుకొనుట కోచ్ విధి.

ఈల మోగింది. ఓరెస్ట్ వెనక్కి తిరిగి గ్యాలరీ వంక చూశాడు. అక్కడ సంఘం అత్యవసరంగా సమావేశమైంది, అంటే లోర్న్ లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా ఓరెస్ట్, కాస్త ఆగు," అన్నాడు కంచె మీదుగా వంగి. "కోరం లేదు. ఇద్దరు పెరోగీల లైన్లో ఉన్నారు."

"లోర్న్ గారూ, పదిహేను సెకన్లే ఉన్నాయి."

"లైను ఎంతో లేదులే, ముందు నలుగురే ఉన్నారు. ఉల్లిపాయలు వేగడమే ఆలస్యం."

మార్లిస్ అప్పటికే ఫారం మీద తారీఖు వేసి, ఆరో గడి కోసం గిడ్డంగి మేనేజరు ఎక్కడున్నాడా అని చూస్తోంది. డార్సీ తన్నడానికి సిద్ధమై గాలికి టోపీ పట్టుకున్నాడు. వాళ్ళావిడ మూడో వరసలోంచి, "ఇవాళ మాత్రం సంతకం పెట్టను," అంది.

ఓరెస్ట్‌కి నిరుటి గడ్డి, గార్నెట్ కాలు జారిన చోటు, అట్టపెట్టెలో బోర్లించిన కప్పు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. తన్నించేస్తే పోలా అనుకున్నాడు. సమం చేసినందుకు ఎవరి కప్పూ తీయరు. గాలికి బంతి పక్కకి పోయినా తప్పు గాలిది. అప్పుడు మైదానం అవతలి వైపు చూశాడు. టర్న్‌లీ కోచ్ ఆటకి వీపు పెట్టి, తమ గ్యాలరీకేసి రెండు చేతులూ చాపి బతిమాలుతున్నాడు. పైన ఏడుగురు పెద్దలు ఒకే కాగితం మీద వంగి ఉన్నారు. కింద టర్న్‌లీ ఆటగాళ్ళు పన్నెండుమందీ ఎటు నిలబడాలో చెప్పేవాళ్ళు లేక, కోచ్ వీపుకేసి చూస్తున్నారు.

ఓరెస్ట్ పట్టికని మడవబోయాడు. లామినేషన్ కదా, మడత పడలేదు. చంకలో పెట్టుకున్నాడు.

"రెండు," అన్నాడు గార్నెట్‌తో. "ఎడమ పక్క నుంచి. వాళ్ళు ఇటు తిరిగేలోపు."

గార్నెట్ గ్యాలరీ వైపు చూశాడు. "అనుమతి వచ్చిందా?"

"బాధ్యుడి పేరు అచ్చేసే ఉందిగా. పరిగెత్తు."

గార్నెట్ పరిగెత్తాడు. ఒక్కడు అడ్డం వచ్చాడు, వాడూ వెనక్కి చూసుకుంటూ వచ్చాడు. గీత దాటి, ఇంకా నాలుగు గజాలు అవతలికి పోయి, అప్పుడు జారి పడ్డాడు గార్నెట్. ఇరవై అయిదు, ఇరవై నాలుగు. ఓరెస్ట్ ఉన్నచోటే గడ్డి మీద కూలబడి, ముఖం టోపీలో దాచుకుని ఏడ్చాడు. పెరోగీల లైన్లోని ఇద్దరూ ప్లేట్లతో పరిగెత్తుకొచ్చి, కోరం పూర్తయిందని ప్రకటించారు.

సోమవారం సాయంత్రం సంఘం కూర్చుంది. కోచ్ అనుమతి లేకుండా వ్యవహరించినందుకు విచారం వ్యక్తం చేసింది. అదే తీర్మానంలో, సంఘం దూరదృష్టి వల్ల ఊరి పేరు నిలిచినందుకు హర్షం వ్యక్తం చేసింది. ఆదివారం నాటి ఫారాన్ని వెనకటి తారీఖుతో పూర్తిచేస్తూ, పందొమ్మిదో గడిలో అచ్చయిన పేరు ముద్రణ దోషమని తేల్చి, దాని మీద గీత కొట్టారు. అయిదుగురూ సంతకాలు చేశారు. చోటు చాలక ఎల్రాయ్ డైక్ అనే సభ్యుడు (పెరోగీల లైన్లో రెండోవాడు) అంచు మీద చేయాల్సి వచ్చింది. వచ్చే ఏడు ఆ గడి పెద్దది చేయించాలని నిర్ణయించారు.

ఈ సంగతులన్నీ మార్లిస్ ఫోన్లో ఓరెస్ట్‌కి చదివి వినిపించింది. గీత కొట్టింది తనే అని కూడా చెప్పింది, కాస్త గొంతు తగ్గించి.

"పోన్లే మార్లిస్," అన్నాడు ఓరెస్ట్. "కప్పు సంగతి ఏమైనా అన్నారా?"

"అన్నారు. పొద్దున రా, నీకే తెలుస్తుంది."

మంగళవారం ఆరున్నరకి ఓరెస్ట్ హోటల్ తలుపు తీశాడు. గోడ మీద, పంతొమ్మిదేళ్ళుగా ఉన్న హుక్కుకే, పసుపుపచ్చ కప్పు వేలాడుతోంది. ఎవరో కడిగి, తుడిచి, పిడి ఇవతలికి తిప్పి మరీ పెట్టారు. బల్ల దగ్గర కుర్చీ ఒకటి వెనక్కి లాగి ఉంది. ఎవరూ తలెత్తలేదు, లోర్న్ మాత్రం ఆవాల ధర గురించి చెప్తూ చెప్తూ, ఓరెస్ట్ వైపు కూడా చూస్తూ చెప్పాడు. ఓరెస్ట్ ఏడాది తర్వాత ఆ కప్పు చేతిలోకి తీసుకున్నాడు, కాస్త బరువెక్కినట్టు అనిపించింది. తిప్పి చూశాడు.

అడుగున లామినేషన్ చేసిన చీటీ అంటించి ఉంది. కప్పు పునరుద్ధరణ అనుమతి. చెల్లుబాటు: తదుపరి ఓటమి వరకు. బాధ్యులు: ఓరెస్ట్ హ్రిట్సాక్.