గుప్పెడు బియ్యానికి ఖాకీ సంచి

పోలీస్ యాక్షన్ ముగిసి వారం దాటింది. ఆ శనివారం పొద్దున దేవానందం పెట్టుకున్న పని చాలా చిన్నది. మూడు సంచుల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. దానితో మెట్టుగూడలోని విశ్వాసుల ఇళ్ళకు వెళ్ళి గుప్పెడు బియ్యం పోగుచేయాలి. పన్నెండింటికల్లా పాస్టరు జకర్యా గారికి అప్పగించాలి.

ఎసట్లో పోసేముందు ప్రతి ఇల్లాలూ ఒక గుప్పెడు బియ్యం తీసి, చిన్న ప్రార్థన చేసుకుని, పొయ్యి పక్కన ముంతలో వేసి ఉంచుతుంది. నెలాఖరు శనివారం ఆ ముంతలన్నీ దేవానందం సంచిలోకి ఒంపుకుంటాడు. ఆ బియ్యం రోసమ్మకు పోతుంది. ఆమెకు భర్త లేడు, పిల్లలు నలుగురు. పోయిన నెల గోనెసంచి అడుగు ఊడి, బియ్యమంతా రైలు గేటు దగ్గర బురదలో కలిసిపోయింది. రోసమ్మ పిల్లలు నెలంతా జొన్న గటకతో గడిపారు. జకర్యా గారు కోప్పడలేదు. "పదేళ్ళు చిరగని సంచి చూడండి. ఈసారి కూడా ఒలికితే ఈ పని ఇంకొకరికి ఇద్దాం" అన్నారు, అంతే. ఆ మాట దేవానందానికి చీవాట్ల కంటే గట్టిగా తగిలింది.

ఆయన రైల్వే గోదాములో గుమాస్తా. వచ్చిన పెట్టెను నాలుగు వైపులా తట్టి చూడనిదే సంతకం చేయడు. సంచి విషయంలోనూ అంతే. దర్జీ వీరయ్య చేత గోనెతో ఒకటి, డేరా గుడ్డతో ఒకటి, ఖాకీతో ఒకటి కుట్టించాడు.

"ఖాకీదానికి ఏమొద్దు సారూ, తీస్కపో" అన్నాడు వీరయ్య.

"ఊరికే ఇస్తావా? ఎందుకూ?"

"దేవుని పని గద."

"నా చొక్కాకు గుండీ కుట్టినప్పుడు ఈ దేవుడు గుర్తుకు రాలేదే నీకు!"

వీరయ్య వీధి అటు చివరా ఇటు చివరా చూశాడు. "గుడ్డ మిగిలింది సారూ. నన్నేం అడగకు, జెర జల్ది తీస్కపో" అన్నాడు.

వీరయ్య పోయిన నెల దాకా రజాకార్లకు రాత్రింబవళ్ళు ఖాకీ చొక్కాలే కుట్టాడు. కుట్టించుకున్నవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో కనబడటం లేదు. కత్తిరించిన ముక్కలు మాత్రం మిగిలాయి. అందుకే ఆ సంచికి ఒక పక్క మూత ఉన్న జేబు, దానికో ఇత్తడి గుండీ ఉన్నాయి. దేవానందానికి అనుమానం వచ్చింది, కానీ అది దారం మీద. దారం పుచ్చిందేమోనని పంటితో కొరికి చూశాడు. గట్టిగానే ఉంది. జేబు నోటుబుక్కు పెట్టుకోవడానికి పనికొస్తుందని సంతోషించాడు.

ఇంటికి వచ్చి మూడు సంచుల్నీ వసారా దూలానికి కట్టాడు. ఒక్కొక్క ఇటుకా వేస్తూ, నీళ్ళు చల్లుతూ, పిడి ఎంత సాగిందో నోటుబుక్కులో రాసుకున్నాడు.

"ఏమండీ, ఆ దూలం కూలితే ఇంటిని ఏ సంచిలో ఎత్తుకుంటారు?" అంది భార్య ప్రేమమణి.

"నువ్వు కాసేపు ఊరుకో. ఎవరైనా చూస్తే సవాలక్ష అడుగుతారు" అని ఆయన సంచుల మీద దుప్పటి కప్పాడు. కప్పేముందు ప్రహరీ వైపు ఒకసారి చూశాడు.

ప్రహరీ అవతల పక్కింటి కమలాబాయి బట్టలు ఆరేస్తోంది. దుప్పటి కింద ఖాకీ అంచు, దానికి మెరుస్తున్న గుండీ ఆమెకు కనబడ్డాయి. ఇంతలో ఆరో ఇటుకకు గోనెసంచి తెగి, దభీమని పడింది. కమలాబాయి తడి బట్టలు అక్కడే వదిలేసి లోపలికి పరుగెత్తింది.

డేరా గుడ్డ పన్నెండు ఇటుకలు మోసింది. దేవానందం ముఖం వెలిగిపోయింది. ప్రేమమణి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి దూరంగా విసిరేసింది. "మైనమూ కిరసనాయిలూ కలిసిన కంపు! ఇందులో బియ్యం పోస్తే రోసమ్మ పిల్లలు తింటారా?" ఇక మిగిలింది ఖాకీది. పది ఇటుకలు మోసింది, వాసన లేదు. ఆయన దాన్నే చంకన పెట్టుకుని బయలుదేరాడు.

ఆయన రెండిళ్ళు తిరిగేలోపే కబురు వీధి నల్లా దగ్గరికి చేరింది.

"పిన్నీ, మా పక్కింటి సారు ఇంట్ల ఏందో బరువైంది దాచిండు. దభీమన్నది, నా గుండె జారింది" అంది కమలాబాయి.

"ఖాకీ సంచి పట్కొని బియ్యం అడుగుతున్నడంట గద?"

"గదే చెప్తున్న! కాప్రా చెరువు దిక్కు దాక్కున్నోళ్ళకే అయ్యుంటది. ఇయ్యనోళ్ళ పేర్లు బుక్కుల రాస్తున్నడంట."

ఆ చెరువు దగ్గర ఎవరైనా దాక్కున్నారో లేదో ఎవరూ చూడలేదు. అయినా నిన్నమొన్నటి దాకా ఖాకీ బట్టలవాళ్ళు గుమ్మంలోకి వస్తే ఉన్నదేదో పోసి పంపడం అందరికీ అలవాటే. రాజ్యం మారినంత తొందరగా అలవాటు మారదు కదా.

దేవానందం మొదటి నాలుగు ఇళ్ళలో ఎప్పటిలాగే ముంతలు ఒంపుకున్నాడు. అయిదో ఇంటికి వెళ్తుంటే, ఎన్నడూ పలకరించని ఎదురింటి విమలమ్మ పిలిచి సోలెడు బియ్యం పోసింది.

"మీరెందుకమ్మా? ఇది మా సంఘానిది" అన్నాడాయన.

"సంఘం సంగతి నాకెందుకు సారూ! మా ఇంట్ల పిల్లలున్నరని చెప్పుండ్రి, చాలు" అంది ఆమె.

ఎవరికి చెప్పాలో ఆయనకు అర్థం కాలేదు. రేషను రోజుల్లో సోలెడు ఎవరిస్తారు? పుచ్చిపోయిన బియ్యమేమోనని వాసన చూశాడు. మేలైన బియ్యం. పిడి ఎంత సాగిందో రాసుకుందామని నోటుబుక్కు తీశాడు. విమలమ్మ గబగబా ఇంకో సోలెడు తెచ్చి పోసింది.

తరవాతి ఇంట్లోనూ అలాగే జరిగింది. ఆయన నోటుబుక్కు తీసినప్పుడల్లా ఒక సోలెడు ఎక్కువ పడింది. చివరికి కమలాబాయి తానే ఎదురొచ్చి, "అన్నా, మనం పక్కపక్కనుండేటోళ్ళం. జెర యాదికి పెట్టుకో" అంటూ ఏకంగా మానెడు పోసింది. మెట్టుగూడ మీద పరిశుద్ధాత్మ దిగివచ్చిందా అనుకున్నాడు దేవానందం. దిగివస్తే మనుషుల ముఖాలు ఇంత పాలిపోతాయా అని వెంటనే అనుమానం కూడా వచ్చింది. సంచి నిండింది. ఆయన దాన్ని భుజానికెత్తుకున్నాడు. పిడి సాగలేదు.

కమలాబాయి మానెడు పోసే సమయానికి ఆమె భర్త మధుసూదన్ రైలు గేటు దగ్గరున్న సైనికులకు ఇదంతా చెబుతున్నాడు. ఆయన బడిపంతులు. భార్య ఏం చేస్తోందో ఆయనకు తెలియదు, ఆయన ఎక్కడికి వెళ్ళాడో ఆమెకూ తెలియదు.

గేటు దగ్గర హవల్దారు చెయ్యి అడ్డం పెట్టాడు. "సంచి దింపండి."

వీధి వీధంతా చుట్టూ చేరింది. హవల్దారు పొడవాటి ఇనుప చువ్వ బియ్యంలో అడుగుదాకా దింపి చూశాడు. ఏమీ తగల్లేదు. జేబు గుండీ విప్పి నోటుబుక్కు తీశాడు. ఆయనది కోస్తా తెలుగే.

"గోనె ఆరు, పడిపోయింది. డేరా పన్నెండు, కంపు. ఖాకీ పది, నిలబడింది. ఎవరండీ వీళ్ళంతా?"

"సంచులండీ."

"పది ఏమిటి?"

"ఇటుకలు."

"ఇటుకలంటే?"

"ఇటుకలేనండీ బాబూ! గోడకు పెట్టేవి!"

హవల్దారు పేజీ తిప్పాడు. "రోసమ్మ, నలుగురు. ఈ నలుగురూ ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. పెద్దాడికి తొమ్మిదేళ్ళు. పొద్దున్నుంచీ ఈ గుప్పెడు బియ్యం కోసం చూస్తుంటారు."

హవల్దారు పుస్తకం మూసి, ఆయన ముఖంలోకి చూశాడు. "గుప్పెడు బియ్యమా? ముంతలోదేనా? ఆ మాట ముందే చెప్పకూడదూ! నా పేరు యేసురాజు, మాది నరసాపురం దగ్గర. చిన్నప్పుడు ఆకలేసి ఆ ముంతలోంచి తిన్నానని మా అమ్మ నా వీపు విమానం మోత మోగించింది." మళ్ళీ సంచి వంక చూశాడు. "కానీ బాబుగారూ, ఇల్లిల్లూ తిరిగినా ముంతల బియ్యం ఇంత కాదే?"

"పొద్దున్నుంచీ నా అనుమానమూ అదేనండీ" అన్నాడు దేవానందం.

అది ముంతల బియ్యమని తెలియగానే కమలాబాయి ప్రాణం ఉసూరుమంది. "సర్కారూ! గుడికో చర్చికో అయితే గుప్పెడే ఇస్తుంటి. గా సంచిల మా బియ్యం మానెడుంది. నాది నాకిప్పియ్యిండ్రి!"

మధుసూదన్ తుళ్ళిపడి భార్య వైపు తిరిగాడు. "నువ్విచ్చినవా?"

మరో నలుగురు "మాది సుత!" అంటూ ముందుకొచ్చారు.

యేసురాజు తాపీగా పెన్సిలు తీసి నోటుబుక్కులో కొత్త పేజీ తెరిచాడు. "తప్పకుండా ఇప్పిస్తాను. ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పండి. ఎంత ఇచ్చారో చెప్పండి. ఎవరికనుకుని ఇచ్చారో అది కూడా చెప్పండి."

ముందుకొచ్చిన నలుగురూ వెనక్కి తగ్గారు. విమలమ్మకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. గుంపు వెనక నిలబడ్డ వీరయ్య అప్పటికే జారుకున్నాడు.

"చెప్పండమ్మా, మానెడు మీదేనన్నారు" అన్నాడు యేసురాజు.

కమలాబాయి కొంగు సర్దుకుంది. "నేనా? రోసమ్మ పిల్లలకే ఇచ్చిన సర్కారూ. పాపం, తండ్రి లేనోళ్ళు" అంది. మధుసూదన్ కూడా తల ఊపాడు.

ఒక్క గింజ ఒలకకుండా సంచి పన్నెండింటికి ముందే జకర్యా గారి వసారాలో దిగింది. రోసమ్మ వచ్చి చూసి, ఏమీ అడగకుండా చెరగు పట్టింది. మూడు నెలలకు సరిపోతుంది. దేవానందం జరిగినదంతా చెప్పి, మనసులో మెదులుతున్నది అడిగాడు. "అయ్యగారూ, భయపడి ఇచ్చింది కానుక అవుతుందంటారా?"

జకర్యా గారు వాకిలి వైపు చూశారు. బయట రోసమ్మ పెద్దకొడుకు కిందపడ్డ గింజ ఒకటి ఏరి తల్లి చెరగులో వేశాడు. "ఆ సంగతి దేవుడు చూసుకుంటాడు. మీరు సంచి సంగతి చెప్పండి. పదేళ్ళకూ ఏది తీసుకుందాం?" అన్నారు.

దేవానందం నోటుబుక్కు తెరిచి, వేలితో వరసలు చూసుకున్నాడు.

"గట్టితనానికైతే డేరా గుడ్డే అయ్యగారూ. బియ్యానికైతే ఖాకీ."