నవ్వినవారు ఇద్దరు కావలెను

మనిషికి సిగ్గు ఉన్నదీ లేనిదీ ఆ మనిషి చెబితే చెల్లదు. దానికి ప్రభుత్వంలో ఒక విభాగం ఉంది, ఆ విభాగానికి ఒక అధికారి ఉన్నారు, ఆ అధికారికి మధ్యాహ్నం రెండు దాటాక మాత్రమే సిగ్గును గుర్తించే అధికారం ఉంది. (ఉదయం పూట ఆయన నొప్పులు చూస్తారు.) ఈ సంగతి నాకు నలభై దాటాక తెలిసింది. అంతవరకూ అనధికారికంగానే సిగ్గుపడుతూ వచ్చాను.

నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్‌ని. బజారులో ప్రతి త్రాసూ రెండు పక్కలా సమంగా తూగుతోందో లేదో చూసి ముద్ర వేయడం నా ఉద్యోగం. మీసాలు మొలిచే వయసులో నాకు ఛాతీ ఆడపిల్లలకు మల్లే రెండు పక్కలా పెరిగింది. కొందరు మగపిల్లలకు అలా వస్తుందని, దానంతటదే పోతుందని పెద్దలు అన్నారు. వచ్చింది, పోలేదు. అప్పటి నుంచి రెండు జేబుల వదులు చొక్కాలే కుట్టించుకున్నాను. ఎండాకాలంలోనూ లోపల మందపాటి బనియను వేశాను. తనిఖీకి వెళితే ఫైలును చంకలో కాకుండా ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. ఆఫీసులో నాకు ఫైళ్లంటే ప్రాణమని పేరు వచ్చింది, ఉత్తమ ఉద్యోగి బహుమతి కూడా ఇచ్చారు.

మా ఆవిడ తమ్ముడు, అంటే మా బావమరిది, మా పెళ్లి భోజనాల దగ్గరే ఒక మాట అన్నాడు. "మా బావకి త్రాసు దేనికి? ఆయనే రెండు పక్కలా సమంగా ఉంటేను." పంక్తి పంక్తంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను త్రాసు బావని. బావను ఆటపట్టించే హక్కు బావమరిదికి పుట్టుకతోనే వస్తుంది కాబట్టి నేనూ నవ్వాను. నవ్వకపోతే ఉడుక్కున్నాడంటారు, ఉడుక్కుంటే ఇంకా నాలుగు అంటారు.

ఇలాగే జీవితం నెట్టుకొచ్చేవాణ్ని. కానీ మా అమ్మాయిని ఈతలో చేర్పించాం. ఈతకొలను నిబంధన ప్రకారం చిన్నపిల్లలతో పాటు తల్లో తండ్రో నీళ్లలో దిగాలి. దిగే మగవాళ్లు చొక్కా, బనియను విప్పాలి. (నూలుపోగులు నీళ్లు వడగట్టే యంత్రంలో ఇరుక్కుంటాయట. ఛాతీ మీది వెంట్రుకల గురించి నిబంధన ఏమీ అనలేదు.) ఎప్పుడూ మా ఆవిడే దిగేది. నేను గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడేవాణ్ని, ఛాతీకి ఆనించి.

ఒకరోజు అమ్మాయి నీళ్లలోంచి అడిగింది.

"నాన్నా, నీకు నీళ్లంటే భయమా?"

"అవునమ్మా" అన్నాను.

ఆ తర్వాతి తరగతిలో పిల్లలందరూ నావైపు జాలిగా చూశారు. ఒక పాప దగ్గరికొచ్చి, "అంకుల్, ముందు కాళ్లు తడుపుకోండి, ఏం కాదు" అని ధైర్యం చెప్పింది. అబద్ధాలు నాకు కొత్త కాదు. కానీ కూతురు ఆ అబద్ధాన్ని నమ్మి, నా తరఫున అందరికీ నచ్చజెబుతూ తిరుగుతోంటే తట్టుకోలేకపోయాను. ఆ సాయంత్రమే మా ఆవిడతో ఆపరేషన్ మాట ఎత్తాను.

ఆవిడ బీన్స్ తరగడం ఆపలేదు. "నాకోసమైతే వద్దండీ. మీకోసమైతే ఇన్నేళ్లు ఎందుకు ఆగారు?" అంది.

సర్జన్ గారు నొక్కి చూసి, "ఇందులో కొవ్వు కొంచెమే, మిగతాదంతా గ్రంథి. ఎన్ని దండీలు తీసినా కరగదు" అన్నారు. (నేను ఏళ్ల తరబడి తీశాను. గ్రంథికి కింద మంచి ఆసరా ఏర్పడింది.) "చాలామంది మగవాళ్లకి ఉంటుందండీ ఇది."

"మరి వాళ్లంతా ఎక్కడున్నారు డాక్టరుగారూ? నాకు ఒక్కరూ కనపడలేదు."

ఆయన నా రెండు జేబుల చొక్కా వైపు చూసి, "మీరు వాళ్లకి కనపడ్డారా?" అన్నారు.

ఇక సెలవు కావాలి. సెలవు నిబంధనల్లో శస్త్రచికిత్సలు రెండు రకాలు: అవసరమైనవి, ముచ్చటకు చేయించుకునేవి. అపెండిక్స్ అవసరం, ముక్కు చక్కబరచుకోవడం ముచ్చట. మగవాడి ఛాతీ ఏ రకంలోకి వస్తుందో ఎవరికీ తెలియక నా దరఖాస్తు బల్ల బల్లకీ తిరిగి, చివరికి సిగ్గు నిర్ధారణాధికారి గారి దగ్గర ఆగింది. ఆయన మర్యాదస్తులు, కూర్చోమన్నారు.

"నొప్పి ఉందా?"

"లేదండి."

"మరెందుకు చేయించుకోవడం?"

"సిగ్గుగా ఉంటుందండి."

"ఎంత?"

తూనికల శాఖలో ఇన్నేళ్లు పనిచేసి కూడా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. ఆయనే జాలిపడి నిబంధన చదివి వినిపించారు. అభ్యర్థి విషయమై కనీసం ఇద్దరు నవ్వి ఉండవలెను. నవ్వినవారు స్వయంగా హాజరై తాము నవ్వినట్టు ధ్రువీకరించవలెను. చిరునవ్వు పరిగణింపబడదు.

తేలికపడ్డ మనసుతో ఇంటికి వచ్చాను. ఇద్దరేం ఖర్మ, ఊరేగింపే తీసుకురాగలను.

మర్నాడు పక్క సీటాయన్ని అడిగాను. "ఛ ఛ, మిమ్మల్ని చూసి నవ్వడమేంటండీ, ఏదో సరదాకి" అన్నాడు. చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేస్తే, "అందరం కలిసి నవ్వుకున్నాం కదరా, అది వేరు" అన్నాడు. బావమరిది అయితే నొచ్చుకున్నాడు కూడా. "నేనా బావా? నేనెప్పుడు నవ్వాను? నువ్వంటే నాకెంత గౌరవం." మొత్తానికి ఇన్నేళ్లలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదని తేలింది. లోపం నా చెవుల్లో ఉన్నట్టుంది.

చివరికి మా ఆవిడ నాతో పాటు ఆఫీసుకు వచ్చింది. నన్ను చూసి ఏనాడూ నవ్వని మనిషి ఆవిడ ఒక్కతే. నవ్వానని సంతకం పెడతానంది. అధికారి సున్నితంగా తిరస్కరించారు. (భర్తను చూసి భార్య నవ్వడం మామూలు గృహకృత్యాల కిందికి వస్తుందట.) ఆవిడ గబగబా మెట్లు దిగింది. దిగాక తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ ఆయన్ని త్రాసు, త్రాసు అన్నావు. అప్పుడు లేని మొహమాటం సంతకం దగ్గరికొచ్చేసరికి వచ్చిందేం? రేపు రెండింటికి వచ్చి నవ్వానని చెప్పు. లేకపోతే మా గుమ్మం తొక్కకు."

వచ్చాడు. రెండో సాక్షిగా టైర్ల కొట్టు నడిపే తన స్నేహితుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు. ఆయన మాత్రం నన్ను చూస్తూనే చేతులు పట్టుకుని, "త్రాసు బావ అంటే మీరేనా? మీ గురించి వినడమే గానీ చూడటం ఇదే మొదలు" అన్నాడు. కొట్లో అందరూ ఎంతో కాలంగా నవ్వుకుంటున్నారట. అధికారి పరమ సంతృప్తి చెందారు. అభ్యర్థిని చూడకుండానే వచ్చిన నవ్వులో పక్షపాతానికి తావుండదని రాసుకున్నారు. నన్నెరగని వీధుల్లో కూడా నేను తిరుగుతున్నానని నాకు అంతవరకూ తెలియదు.

"మీరు ఎంత గట్టిగా నవ్వారు?" అని అధికారి బావమరిదిని అడిగారు.

"చాలా" అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

సెలవు తాత్కాలికంగా మంజూరైంది. ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, నేను నిద్రపోయాను. (మొత్తం వ్యవహారంలో సాక్షులు అవసరం పడనిది అదొక్కటే.) లేచేసరికి ఛాతీ చుట్టూ ఊపిరాడనంత బిగుతు బనియను, రెండు పక్కలా చెరో గొట్టం, గొట్టాల చివర చెరో సీసా. సీసాల్లోకి దిగే నెత్తురు నీళ్లు కొలిచి డాక్టరుగారికి చెప్పాలి. ఎడమ సీసాకూ కుడి సీసాకూ ఏ రోజూ సమంగా లేదు. బజారులో అయితే ముద్ర వేసేవాణ్ని కాదు. చూడటానికొచ్చిన మా అత్తగారు, "జాకెట్టు బాగానే కుదిరింది" అన్నారు.

చేతులు భుజం పైకి ఎత్తకూడదు, బోర్లా పడుకోకూడదు. దగ్గితే నొప్పి, తుమ్మితే నొప్పి, నవ్వితే అన్నిటికన్నా ఎక్కువ నొప్పి. నవ్వు బాధిస్తుందన్న సంగతికి ఇన్నాళ్లకు వైద్యపరమైన ఆధారం దొరికింది.

బావమరిది రోజూ వచ్చాడు. పిలవకుండానే వచ్చి, నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి తల రుద్దాడు. "చెయ్యెత్తకు బావా, నేను తొడుగుతా" అంటూ చొక్కా తొడిగాడు. ఒకరోజు గుండీలు పెడుతూ ఆగాడు.

"నీకంత కష్టంగా ఉండేదని నాకు తెలీదు బావా."

"తెలిస్తే నవ్వు రాదు కదరా."

వాడు గుండీ తప్పు కాజాలో పెట్టాడు, మళ్లీ విప్పి సరిగ్గా పెట్టాడు. నా కోపం పోయిందని చెప్పను. సగం పోయింది. తల చక్కగా రుద్దుతున్నాడు కాబట్టి మిగతా సగం వాయిదా వేశాను.

గాయాలు మాని, డాక్టరుగారు సరేనన్నాక అందరం ఈతకొలనుకు వెళ్లాం. చొక్కా విప్పాను. బనియను విప్పాను. ఎవరూ నావైపు చూడలేదు. (కొంచెం నిరుత్సాహపడ్డానని ఒప్పుకోవాలి.) మెట్లు దిగి నడుంలోతుకు వచ్చేసరికి ఇక అడుగు ముందుకు పడలేదు. జన్మలో నీళ్లలో దిగనివాడికి నీళ్లంటే నిజంగానే భయం ఉంటుందని అప్పుడు తెలిసింది. కడ్డీ కరుచుకుని కేక పెట్టాను. కొలను మొత్తం నవ్వింది. గట్టు మీద తువ్వాలు పట్టుకుని ఉన్న బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను, ఈసారి ఎవరో ఏదో అంటారని కాదు, నవ్వొచ్చి.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "చెప్పాను కదా, మా నాన్నకి భయమని" అని అందరికీ వివరించింది. అంత హాయిగా నేనెప్పుడూ భయపడలేదు.

ఇక మిగిలింది సెలవు ఖరారు. పని పూర్తయినట్టు సిగ్గు నిర్ధారణాధికారి గారు కళ్లారా చూడాలి. రెండు దాటాక వెళ్లాను. చొక్కా విప్పమన్నారు. కిటికీ తెరిచి ఉంది, వరండా నిండా జనం ఉన్నారు, టీ తెచ్చిన ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను గోడవైపు తిరగలేదు. గుండీలు పైనుంచి కిందికి విప్పి, చొక్కా కుర్చీకి తగిలించి, వెలుతురు బాగా పడుతుందని కిటికీ దగ్గరికి జరిగాను. అధికారి చాలాసేపు రాసుకున్నారు.

ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది. అభ్యర్థి పదిమంది ఎదుట చొక్కా విప్పుటకు ఎట్టి సంకోచమునూ కనబరచలేదనియు, సిగ్గు ఉన్నట్టు ఆధారములేవియు కానరాలేదనియు, కావున శస్త్రచికిత్స కేవలము ముచ్చట నిమిత్తమేనని నిర్ధారించి సెలవును రద్దు చేయడమైనదనియు అందులో ఉంది. సహకరించిన సాక్షులిద్దరికీ కృతజ్ఞతలు తెలిపారు.

అప్పీలుకు అవకాశం ఇచ్చారు. అభ్యర్థి గడువులోగా తిరిగి సిగ్గుపడి, సదరు కార్యాలయమునకు స్వయంగా హాజరు కావలెను.

రోజూ అద్దం ముందు నిలబడి ప్రయత్నిస్తున్నాను. రావడం లేదు.