ఎడమ బర్నరూ, బాబాయి పరువూ

మా వీధిలో ఆయన్ని అందరూ టిక్కుటిక్కు బాబాయి అంటారు. పాతికేళ్ళుగా బజారు మలుపులో అగ్గిపెట్టెంత కొట్టులో కూర్చుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఊరివాళ్ళ వాచీలు బాగుచేస్తున్నాడు. ఆవగింజలో సగం ఉన్న మరనైనా పట్టకారుతో పట్టి దాని చోట దాన్ని కూర్చోబెట్టగలడు. ఇంట్లో మాత్రం తన తువ్వాలును దండెం మీద కూర్చోబెట్టలేడు. అది పిన్ని పని.

ఆ శనివారం పొద్దున్న పిన్ని టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, ఎంతో మెత్తగా ఒక మాట అంది.

"సోమవారం పదింటికి మంట మేస్త్రీ వస్తాడు."

మంట మేస్త్రీ అంటే వెనక బజారులో గ్యాస్ స్టవ్వులు బాగుచేసే ఆయన. బాబాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"మన ఇంటికా? ఎందుకూ?"

"నా జాతకం చెప్పడానికి. ఎందుకేమిటండీ! ఎడమ బర్నరు మూడు నెలలనుంచీ పసుప్పచ్చగా మండుతోంది. గిన్నెల అడుగులు చూశారా? తోమీ తోమీ నా గోళ్ళు అరిగిపోయాయి."

"నాతో ఒక్కసారైనా చెప్పావా?"

"తొంభైసార్లు చెప్పాను. తొంభైసార్లూ 'రేపు చూస్తా' అన్నారు. ఆ రేపులన్నీ గుచ్చితే ఈపాటికి దండయ్యేది."

"ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని బయటి మెకానిక్కుని పిలవడమేమిటే?"

"మీరు వాచీల మెకానిక్కు. మన స్టవ్వు టైము చెప్పదు కదా" అని పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట బాబాయికి ముల్లులా గుచ్చుకుంది. ఊళ్ళో సగంమంది మణికట్లు తన చేతి చలవతో నడుస్తున్నాయి. అలాంటి తన ఇంట్లోకి ఇంకొకడు స్పానరు పట్టుకుని అడుగుపెడితే మంగళవారానికల్లా బజారంతా పాకిపోదూ? "ఏం బాబాయ్, సొంత పొయ్యి బాగుచేసుకోలేకపోయావుట!" అని టీకొట్టు దగ్గర నవ్వరూ? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. బాబాయి రచ్చ ఎప్పుడో గెలిచేశాడు. ఇల్లే బాకీ ఉండిపోయింది.

అందుకని టీ చల్లారేలోగా ఒక పథకం వేశాడు. ఆదివారం పిన్నిని ఎక్కడికైనా పంపించెయ్యాలి. ఆవిడ వచ్చేసరికి బర్నరు నీలంగా మండుతూ ఉండాలి. సోమవారం మేస్త్రీ వస్తే, "చూడవయ్యా, దీనికేం రోగం?" అని గుమ్మంలోంచే సాగనంపాలి.

"రేపు మీ అక్కయ్య ఇంటికి వెళ్ళి రారాదూ?" అన్నాడు వంటింటి గడప దగ్గర నిలబడి. "పాపం, నిన్ను చూసి ఎన్నాళ్ళయిందో ఏమో."

"గురువారమేగా వచ్చి వెళ్ళింది?"

"అదే నేననేది. గురువారంనుంచీ చూడలేదు."

పిన్ని ఆయన వంక పొంగబోయే పాలవంక చూసినట్టు చూసింది. "అలాగే, వెళ్తాను" అంది. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని అనుమానించాల్సింది. కానీ గెలుస్తున్నవాడికి అనుమానం రాదు కదా.

ఆదివారం తొమ్మిదింటికి పిన్ని అలా వీధి మలుపు తిరిగిందో లేదో, బాబాయి స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. "స్వామీ, ఎడమ బర్నరు నీలంగా మండేట్టు చూడు తండ్రీ" అని వేడుకున్నాడు. ఆ స్వామి మూడు నెలలుగా పిన్ని నోట అదే మాట ఆయనకి చెప్పిస్తున్నాడేమో, మనకేం తెలుసు?

మొదలుపెట్టడం మాత్రం పద్ధతిగానే మొదలుపెట్టాడు. ఆ మాట ఆయన తరఫున చెప్పాలి. సిలిండరు దగ్గర రెగ్యులేటరు కట్టేశాడు. కిటికీ తెరిచాడు. గిన్నెలు పెట్టే ఇనుప స్టాండ్లు తీశాడు, బర్నర్ల మూతలు తీశాడు, బర్నర్లు తీశాడు. అన్నిటినీ వేడి సబ్బునీళ్ళ బకెట్లో వేశాడు. అక్కడితో ఆగి, పాత బ్రష్షుతో తోమి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ అమర్చేసుంటే ఈ కథే లేదు.

కానీ చేతి అలవాటు చెప్పుచేతల్లో ఉంటుందా? వాచీ పనివాడికి విప్పడమంటే కడదాకా విప్పడమే. మూత తీసి ఊరుకోవడం ఆయన వంశంలో లేదు. నాబ్‌లు ఊడదీశాడు. వాటికింద వాల్వులు విప్పాడు. గ్యాస్ బయటికొచ్చే ఇత్తడి జెట్లు మూడూ విప్పాడు. ఉతికిన దుప్పటి భోజనాల బల్లమీద పరిచి, ముక్కలన్నీ వరసగా పేర్చి లెక్కపెట్టాడు. నలభై ఒకటి. "ఇంతేనా?" అని నవ్వుకున్నాడు. ఆడవాళ్ళ వాచీలో ఇంతకి మూడింతలుంటాయి.

కంటికి భూతద్దం బిగించి ఒక జెట్టు వెలుతురుకి ఎత్తి చూశాడు. మధ్యలో వెంట్రుకంత రంధ్రం.

"ఓరి నీ! ఇంత ఇరుకులోంచి గ్యాస్ ఎలా వస్తుందిరా? ఊపిరాడక చస్తోంది పాపం!"

రోగం దొరికిపోయింది. కొట్టునుంచి తెచ్చుకున్న సంచీలోంచి సన్నటి ఉక్కు సూది తీసి, ఆ రంధ్రాన్ని తిప్పి తిప్పి, కాస్త విశాలం చేశాడు. ఎడమ బర్నరుకి ఒక్కదానికే చేస్తే మిగతావి నొచ్చుకుంటాయని మూడింటికీ చేశాడు. తర్వాత వాల్వులకి పట్టిన పాత జిడ్డంతా తుడిచేసి, తలా అరచుక్క వాచీ నూనె వేశాడు. తిప్పి చూస్తే వెన్నలా తిరిగాయి. ముచ్చటేసి తలా ఇంకో చుక్క వేశాడు.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

"ఏమండీ, అక్క వాళ్ళింట్లో గ్యాస్ అయిపోయింది. ఇద్దరం మన ఇంటికే వచ్చేస్తున్నాం. అక్కడే వండుకుంటాం."

బాబాయి బల్లమీది నలభై ఒక్క ముక్కల వంక చూశాడు. అవీ ఆయన వంక చూశాయి.

"వద్దు! ఇక్కడ... ఇక్కడ నీళ్ళు రావడం లేదు."

"పొద్దున్నే ట్యాంకు నింపాను కదండీ."

"ట్యాంకుందిలే. కరెంటు లేదు."

"గ్యాస్ స్టవ్వుకి కరెంటెందుకూ?"

"అంటే... చీకట్లో ఎలా వండుతావని."

"పట్టపగలు పదకొండింటికి చీకటా? ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా? అరగంటలో ఉంటాం" అని పెట్టేసింది.

ఇక చూడాలి బాబాయి అవస్థ. కుడితిలో పడ్డ ఎలుక కూడా అంత కొట్టుకోదు. బకెట్లోంచి బర్నర్లు తీసి, గొడుగు దులిపినట్టు దులిపి, తడితడిగానే కూర్చోబెట్టాడు. చిన్న బర్నరు పెద్దదాని చోటికి, పెద్దది చిన్నదాని చోటికి వెళ్ళాయి. జెట్లూ వాల్వులూ బిగించాడు, నాబ్‌లు తొడిగాడు. అంతా అయ్యాక చూస్తే దుప్పటి మీద ఒక మర మిగిలింది.

పాతికేళ్ళలో ఏ వాచీ దగ్గరా ఆయనకి మర మిగల్లేదు. అటూ ఇటూ చూసి, ఎవరూ లేని ఇంట్లో, దొంగలా దాన్ని జేబులో వేసుకున్నాడు. "ఇది మొదట్నుంచీ ఎక్కువే అయ్యుంటుంది" అని మనసుకి చెప్పాడు. మనసు నమ్మలేదు.

రెగ్యులేటరు తిప్పి, లైటరు పట్టుకున్నాడు. కుడి బర్నరు ఫట్‌మని, ఫుట్‌మని, రెండు నీటిబొట్లు ఆయన మొహాన ఉమ్మి ఆరిపోయింది. మధ్యది అసలు పలకలేదు. చివరికి ఎడమది వెలిగించాడు.

భగ్గుమంది.

నీలం కాదు సరికదా, మునుపటి పసుపు కూడా కాదు. కాగడాలా మూరెడు మంట లేచింది. గోడంతా మసి. బాబాయి కంగారుగా నాబ్ తిప్పాడు. అది గుండ్రంగా తిరుగుతోంది తప్ప మంట తగ్గదు. ఇంకాస్త గట్టిగా తిప్పితే నాబ్ ఊడి చేతికొచ్చింది. దాన్ని పట్టి ఉంచాల్సిన మర ఆయన జేబులో భద్రంగా ఉంది. ఏం చెయ్యాలో తోచక, "ఉఫ్! ఉఫ్!" అని మంటని ఊదడం మొదలుపెట్టాడు.

తలుపు తీసుకుని పిన్ని వచ్చింది. వెనకే అక్కయ్య. పిన్ని చేతిసంచీ కింద పెట్టి, వంగి రెగ్యులేటరు కట్టేసింది. మంట చల్లారింది.

"మరిదిగారూ, పొయ్యికి అంత కోపం తెప్పించారేమిటి?" అంది అక్కయ్య.

"ఏం చేశారండీ?" అంది పిన్ని.

"ఏమీ లేదే. ఊరికే తుడిచాను."

"తుడిస్తే కనుబొమ్మ పోతుందా?"

బాబాయి తడుముకుని చూసుకున్నాడు. ఎడమ కనుబొమ్మ ఉండాల్సిన చోట రెండు వెంట్రుకలు ఒకదాన్నొకటి ఓదార్చుకుంటున్నాయి. ఇక పరువు సంగతి తర్వాత, ప్రాణమే గొప్పదనుకున్నాడు.

"సరే, రేపు మేస్త్రీ వస్తాడుగా. అతన్నే చూడనీ" అన్నాడు ఉదారంగా.

"ఏ మేస్త్రీ?"

"మంట మేస్త్రీ! సోమవారం పదింటికి వస్తాడన్నావుగా?"

"వస్తాడన్నాను. పిలిచానన్నానా?"

బాబాయి చేతిలో మిగిలిన నాబ్ బల్లమీద పెట్టేశాడు.

"ఇంకొకడు వచ్చి చెయ్యి పెడతాడంటే తప్ప మీ చెయ్యి లేవదని తెలుసు" అంది పిన్ని. "లేచింది. మరీ కప్పుదాకా లేస్తుందనుకోలేదు. ఊఁ, స్టవ్వు చంకన పెట్టుకుని బయల్దేరండి. ఒంటిగంటదాకా కొట్టు తీసే ఉంటుంది."

అక్కయ్యకి పళ్ళు కోసిపెట్టి వస్తానని పిన్ని ఆగిపోయింది. బాబాయి ఒక్కడే స్టవ్వుని జ్వరంతో ఒళ్ళు తెలియని పసిబిడ్డలా ఎత్తుకుని, తెలిసినవాళ్ళెవరూ కనపడకూడదని దేవుణ్ణి తలుచుకుంటూ వెనక వీధుల్లోంచి నడిచాడు. పదడుగులకొకరు కనపడ్డారు.

మంట మేస్త్రీ స్టవ్వుని బోర్లించాడు. జెట్లు చూశాడు, వాల్వులు వాసన చూశాడు. తల అడ్డంగా ఊపి అడిగాడు.

"ఎవరండీ దీనిమీద చెయ్యి పెట్టింది?"

ఈ ప్రశ్న బాబాయి తన కొట్టులో రోజుకి పదిసార్లు అడుగుతాడు. వాచీ విప్పి పాడుచేసి తెచ్చినవాళ్ళు ఒకడు 'మా అబ్బాయి' అంటాడు, ఒకడు 'మా బావమరిది' అంటాడు. ఇన్నేళ్ళలో 'నేనే' అన్నవాడు ఒక్కడూ లేడు. ఈ లోకంలో ఇంత అబద్ధమేమిటా అని ఆయన చాలాసార్లు బాధపడ్డాడు కూడా. ఇప్పుడు అవతలివైపు నిలబడేసరికి లోకం మీద జాలేసింది.

"మా ఆవిడండీ" అన్నాడు.

"అవునండీ, నేనే" అంది వెనకనుంచి పిన్ని.

బాబాయికి వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. పిన్ని ఆయన మరిచిపోయిన బర్నరు మూత బల్లమీద పెట్టి, బుద్ధిమంతురాలిలా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం పనమ్మా ఇదీ?" అని మేస్త్రీ అందుకున్నాడు. "జెట్టు రంధ్రం కొలత పెట్టి చేస్తారు. దాన్ని పెద్దది చేస్తే గ్యాస్ ఎక్కువై, గాలి చాలక, మంట ఇలాగే మసి కక్కుతుంది. మూడు జెట్లూ మార్చాల్సిందే. వాల్వుల్లో గ్రీజు తుడిచేసి నూనె ఎవరైనా పోస్తారా? గ్యాస్ కారితే ఎంత ప్రమాదం!"

"తప్పేనండీ. నా బుద్ధి గడ్డి తింది."

బాబాయి తలెత్తి పైనున్న ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇంతకీ ఎడమ బర్నరుకి అసలు రోగమేమిటండీ?" అన్నాడు, మాట మారుద్దామని.

మేస్త్రీ బర్నరుకి గాలి అందించే గొట్టంలో సన్నటి బ్రష్షు దూర్చి లాగాడు. చివర దూదిలా ఇంత సాలెగూడు వచ్చింది. "ఇదీ రోగం. ఒక్కసారి తుడిస్తే పోయేది."

నలభై ఒక్క ముక్కలూ విప్పాడుగానీ, విప్పడానికి వీల్లేదని ఆ గొట్టం జోలికి మాత్రం పోలేదు బాబాయి. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకెళ్ళాడు.

మేస్త్రీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, విప్పింది మీరంటున్నారు. కనుబొమ్మ కాలింది అయ్యగారిది. ఎలాగమ్మా?"

"ఆయన పక్కనుండి టార్చి పట్టుకున్నారండీ" అంది పిన్ని, రెప్ప వెయ్యకుండా.

చేసిన తప్పు తనమీద వేసినా భరిస్తాడేమోగానీ, చెయ్యని తప్పుని ఇంత ప్రేమగా నెత్తినెత్తుకునే మనిషిని ఎలా భరిస్తాడు? బాబాయి గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి మర తీసి బల్లమీద పెట్టాడు.

"నేనే" అన్నాడు. "అన్నీ నేనే. ఆవిడకేమీ తెలీదు."

మేస్త్రీ నవ్వలేదు. తోటి పనివాడి కష్టం తెలిసినవాడు. పిన్ని మాత్రం చేతులు విప్పి, ముందుకొచ్చింది.

"అయితే మేస్త్రీగారూ, ఎలా తుడవాలో ఈయనకే నేర్పించండి. ఇకమీదట నెలనెలా మొదటి ఆదివారం ఈయనే తుడుస్తారు."

"నేనెప్పుడన్నానే?"

"అన్నీ నేనే అన్నారు కదండీ ఇప్పుడే?"

అరగంట పాఠం నడిచింది. వాచీల బాబాయి స్టూలుమీద కూర్చుని ఒప్పజెప్పాడు. మొదట రెగ్యులేటరు కట్టాలి. చల్లారనివ్వాలి. బర్నర్లు సబ్బునీళ్ళలో తోమాలి, బాగా ఆరబెట్టాలి. గొట్టం బ్రష్షుతో దులపాలి.

"జెట్టు?" అన్నాడు మేస్త్రీ.

"జెట్టు జోలికి పోకూడదు."

"వాల్వు?"

"వాల్వు వంక కన్నెత్తి చూడకూడదు."

తిరిగి వచ్చేటప్పుడు స్టవ్వుకి చెరో వైపూ పట్టుకున్నారు. వీధి మలుపు తిరిగాక బాబాయి మెల్లగా అడిగాడు. "నా తప్పు నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావు?"

"రేపు ఆ మేస్త్రీ వాచీ ఆగిపోతే మీ దగ్గరికేగా రావాలి? మీ చేతిమీద అతనికి నమ్మకం పోతే ఎలా?" అంది పిన్ని. "పరువు మీదయితే నాది కాదా?"

బాబాయి మనసు మంచులా కరిగింది. నెలకొక ఆదివారం అంటే ఏమంత పెద్ద శిక్షని? ఇలాంటి ఇల్లాలి కోసం ఆమాత్రం చెయ్యలేడా?

"సరేలే, నెలకి ఒక్కరోజేగా" అన్నాడు.

"స్టవ్వుకి ఒక్కరోజే" అంది పిన్ని. "ఫ్రిజ్జు సంగతి ఇంకా మాట్లాడుకోలేదు."