నదీ ప్రసాదం

ఒక పెద్ద అడవిలో రెండేళ్ళు వానలు లేక తొలకరి విందు ఆగిపోయింది. మూడో ఏడు వానలు దంచికొట్టాయి. విందంటే ఏమిటో ఎరగని పిల్లలు ఆ మాట వినగానే తోకలు పైకెత్తుకుని అడవంతా గెంతారు.

ఇదివరకు ఏం వండాలో ఎలుగుబంటి నూకాలమ్మే అనుకునేది, సంతకు తనే వెళ్ళేది, తనే వండేది. ఈసారి అలా కుదరదన్నాడు నక్క చిదంబరం.

"పద్ధతిగా విందు సంఘం వేద్దాం. ఏనుగు భూషణంగారు అధ్యక్షులు. రాతపని నేను చూసుకుంటాను."

అధ్యక్షుడనే మాట భూషణానికి తెగ నచ్చింది. సంఘం ఏర్పడిపోయింది.

చిదంబరం మనసంతా పీతల ఇగురు మీదే ఉంది. అడవిలో పీతలు తినేది తనొక్కడే. పేరెత్తితే మిగతావాళ్ళు ముక్కు మూసుకుంటారు. అందుకని దానికి 'నదీ ప్రసాదం' అని పేరు పెట్టి సరుకుల చీటీలో ముందే రాసేసుకున్నాడు. అదేమిటో నూకాలమ్మ చెవిలో తర్వాత వేద్దామనుకున్నాడు. ఆ తర్వాత ఒక నియమం చదివాడు.

"ఒక్కరు అభ్యంతరం చెప్పినా ఆ వంటకం కొట్టేయాలి. పండగపూట ఎవరి మనసూ నొచ్చుకోకూడదు కదా."

ఎంత మంచి నియమమో అని అందరూ తలలూపారు.

"చేపల పులుసు," అన్నాడు పులి వీర్రాజు.

"ముళ్ళుంటాయి. అభ్యంతరం," అన్నాడు చిదంబరం.

"వెదురు కొమ్ముల కూర," అంది జింక సుందరమ్మ.

"వాతం చేస్తుంది. అభ్యంతరం."

"తేనె పాయసం," అన్నాడు అధ్యక్షుడు, కాస్త సిగ్గుపడుతూ.

"తేనెటీగల మనోభావాలు దెబ్బతింటాయండీ."

"అయితే వద్దులే," అని భూషణం లొట్టలు ఆపుకున్నాడు.

ఇప్పపూల బూరెలు అరగవని, కంద వేపుడు దురదని పోయాయి. చివరికి నదీ ప్రసాదం ఒక్కటే మిగిలింది. అదేమిటో ఎవరికీ తెలియదు. తెలియదని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. పైగా ప్రసాదం వద్దని ఎవరంటారు?

పెద్ద విస్తరాకు కోసం చిదంబరం అటు వెళ్ళగానే నూకాలమ్మ చీటీ పట్టుకొచ్చింది.

"ఇదేంటి అధ్యక్షులుగారూ? సంతలో ఏ కొట్లో దొరుకుద్ది?"

భూషణం గొంతు సవరించుకున్నాడు. "నది ఇచ్చేదే నదీ ప్రసాదం. ఇన్నేళ్ళ వంటమనిషివి, ఆమాత్రం తెలీదా? సంతకెందుకు, నదికే వెళ్ళు."

నూకాలమ్మ నదికే వెళ్ళింది. అది చూసి చిదంబరం, చెప్పకుండానే పీతలని తెలుసుకుందనుకుని మురిసిపోయాడు.

విందు రోజు రెండు గంగాళాలు వచ్చాయి. చిదంబరం ముందు వరుసలో కూర్చున్నాడు. మూతలు తీసి చూస్తే నిండా నీళ్ళు.

భూషణం తొండం నిండా పీల్చి కళ్ళు మూసుకున్నాడు. "అమోఘం."

"ఉప్పు సరిగ్గా సరిపోయింది," అన్నాడు వీర్రాజు.

చిదంబరం తన పెద్ద ఆకును అటూ ఇటూ సర్దుకున్నాడు. పీతలని చెబితే గుట్టు బయటపడుతుంది. పిల్లలు మాత్రం ఖాళీ ఆకుల వంక చూసి ఏడుపు లంకించుకున్నారు.

నూకాలమ్మ ఇక ఉండలేకపోయింది. చీటీ చింపి పొయ్యిలో పడేసింది. "పదండి, ఎవరింట్లో ఏముంటే అది పట్రండి."

వీర్రాజు చేపల బుట్టతో పరిగెత్తుకొచ్చాడు. సుందరమ్మ వెదురు కొమ్ములు తెచ్చింది. కంద, తేనె, ఇప్పపూలు అన్నీ వచ్చాయి. అధ్యక్షుడు పాయసంలో తొండం పెట్టి కలుపుతుంటే పిల్లలు ఆయన వీపు మీద నుంచి జారారు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. తడుస్తూనే వండారు, తడుస్తూనే తిన్నారు, బూరెలు చల్లారకముందే మూడో వాయి అడిగారు.

నూకాలమ్మ గరిటె చిదంబరం ఆకు దగ్గర ఆగింది.

"పులుసుకి నీకు అభ్యంతరం. కూరకీ అభ్యంతరమే. పాయసం, బూరెలు, కంద..."

"నూకాలమ్మా, అప్పుడేదో అన్నాను," అన్నాడు చిదంబరం, చిన్న గొంతుతో.

భూషణం మూతి తుడుచుకుని గంభీరంగా అన్నాడు. "కుదరదు చిదంబరం. నియమం నియమమే. పండగపూట నీ మనసు మేం నొప్పించలేం."

నూకాలమ్మ వెళ్ళి గంగాళం తెచ్చి అతని ముందు పెట్టింది. "ప్రసాదం బోలెడుంది బాబూ. మొహమాటపడకు."

నీతి: సంఘంలో దేనికైనా అభ్యంతరం చెప్పవచ్చు, కాకపోతే ముందు ఇంట్లో భోంచేసి వెళ్ళాలి.