డీలక్స్ ముందు సీటు

పాత కారుని బాగుచేయించేటప్పుడు మామూలు రకం నుంచి డీలక్స్‌కి మారిస్తే, అంతకుముందు అందులో తిరిగినవాళ్ళ ప్రయాణాలు కూడా డీలక్స్ అయిపోతాయి. తణుకులో ఇది కొత్త సంగతి కాదు. రవాణా కార్యాలయంలో దీనికంటూ ఒక గది ఉంది, గది బయట ఒక బెంచీ ఉంది, బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. చెమటలు కక్కుకుంటూ పెళ్ళికి వెళ్ళిన తాతలు ఇప్పుడు అదే పెళ్ళికి చల్లగా వెళ్ళొచ్చేశారు. అలాంటి కుటుంబాలు ఊళ్ళో చాలానే ఉన్నాయి.

వెలగా నాగభూషణం, భార్య మాణిక్యాంబ సంవత్సరీకం అయ్యాక ఆ బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన కారు అరవైల నాటిది, మామూలు రకం. ముందు ఒకటే పొడుగు సీటు, దాని మీద నల్ల రెక్సిన్. ఎండాకాలం అది పెనమే. ఎడమవైపు అద్దం సగం దిగి మొరాయించేది. ఆ సీటు మీద మాణిక్యాంబ కాళ్ళు పైకి లాక్కుని, బాసింపట్టు వేసుకుని, మొగుడి వైపు తిరిగి కూర్చుని, పెనుగొండ దాకా తిట్టేది.

"చేలోకి ఎరువైతే ఏరి ఏరి మంచిది తెస్తారు. పెళ్ళాం కూర్చోడానికి మాత్రం ఇది చాలు!"

ఆవిడ అన్నది నిజమే. ఇప్పుడు మనిషి లేదు గాని ప్రయాణాలున్నాయి. వాటిలోనైనా ఆవిడ సుఖపడాలని నాగభూషణం అనుకున్నాడు. అంతకు మించి ఆయన ఏమీ కోరలేదు.

మెకానిక్ ఖాదర్‌వలీ కారు విప్పాడు. "ఉన్నదున్నట్టు చెయ్యమంటారా అయ్యగారూ, పై రకమా?"

"పై రకమే."

"అయితే ఈ పొడుగు సీటు తీసెయ్యాలండి. డీలక్స్‌కి విడి సీట్లు. మధ్యలో చెయ్యి ఆనించుకునే దిమ్మ వస్తది."

"మా ఆవిడ కాళ్ళు పైకి పెట్టుకునేదయ్యా."

"దీంట్లో ఆ అవసరం రాదండి. కాళ్ళు చాపుకోవచ్చు, రాణీగారిలాగ."

రాణీగారనే మాట నాగభూషణానికి నచ్చింది. దిమ్మ గురించి ఆయన ఆలోచించలేదు.

పని సాగేకొద్దీ గతం బాగుపడింది. ఎడమ అద్దం పూర్తిగా దిగిన సాయంత్రం మాణిక్యాంబ పాత మెడనొప్పి, మొదలైన ఏడాదిలోనే తగ్గిపోయింది. ఫ్యాను బిగించాక ద్వారకా తిరుమల వెళ్ళిన వేసవి చల్లబడింది. కొత్త సీట్లు వెయ్యగానే ఆల్బంలో ఆవిడ చీర ముడతలన్నీ పోయాయి. రవాణా కార్యాలయం నుంచి ఉద్యోగిని శ్యామల వచ్చి, ముందు సీట్లో కాసేపు కూర్చుని, ప్రయాణాలన్నీ సంతృప్తికరమని ముద్ర వేసింది. పాత సంగతులు ఇకమీదట యజమానికి తప్ప ఎవరికీ గుర్తుండవని చెప్పింది. ఎంత మేలు జరిగిందో ఒక్కరికైనా తెలియాలని ప్రభుత్వం ఉద్దేశం.

కూతురు హైమ అదే ఊళ్ళో బట్టలకొట్టు నడుపుతుంది. చిన్నప్పుడు ఆ కారులో వెనక సీటు ఆవిడదే. నాగభూషణం ఆమెను ఎక్కించుకుని పెనుగొండ రోడ్డెక్కాడు.

"ఈ రోడ్డు మీద మీ అమ్మ ఏమనేదో చెప్పు చూద్దాం."

"అమ్మా? ఏమీ అనేది కాదుగా నాన్నా. బయటికి చూస్తూ నవ్వుకునేది."

నాగభూషణం కారు పక్కకి ఆపాడు. నిజమే. అన్ని ప్రయాణాల్లోనూ మాణిక్యాంబ దిమ్మకి అవతల, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తోంది. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. సుఖంగా ఉన్న మనిషికి మొగుడితో పనేముంది?

మర్నాడు ఆయన కార్యాలయానికి వెళ్ళాడు. "పాత సీటు వేసేసుకుంటానమ్మా. దాని మీదైతే మా ఆవిడ ఇటు తిరిగి నన్ను తిట్టేది."

"కిందికి దించడం కుదరదండి భూషణంగారూ," అంది శ్యామల. "సుఖపడినవాళ్ళని మళ్ళీ కష్టపెట్టాలంటే వాళ్ళే వచ్చి అడగాలి."

"ఆవిడ పోయింది."

"పోయినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ అడగలేదండి. అందరూ తృప్తిగానే ఉన్నట్టున్నారు." తర్వాత ఆవిడ అడిగింది, "ఇంట్లో కూడా మిమ్మల్ని తిట్టేవారా?"

"వంటింట్లో. పూటపూటా."

శ్యామల ముఖం చిన్నబోయింది. ఒకే మనిషి కారులో డీలక్సు, ఇంట్లో మామూలు అయితే ఎలా? రెండు రకాలుగా ఉండడానికి వీల్లేదు. వంటిల్లు కూడా మార్చాల్సిందే.

పనివాళ్ళు వచ్చిన పొద్దున తండ్రీ కూతుళ్ళు వంటింటి గడప మీద కూర్చున్నారు. లోపల గోడలు ఇంకా పొగచూరే ఉన్నాయి.

"గుర్తుందా నాన్నా? 'మీ నాన్నకి వడ్డించే బదులు గోడకి వడ్డిస్తే నయం. గోడ ఉప్పు తక్కువైందనదు!'"

"పులుసు గిన్నె నా ముందు కుదేసి, 'తిని చావండి' అనేది."

"మళ్ళీ తనే నెయ్యి వేసేది!"

ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. లోపల పనివాడు కరెంటు పొగగొట్టం బిగించి స్విచ్చి నొక్కాడు. హైమ నవ్వు మధ్యలో ఆగిపోయింది. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని, తడిసిన చెంగుని వింతగా చూసుకుంది.

"ఎందుకు నాన్నా నవ్వుతున్నాం?"

"ఏం లేదమ్మా."

"అమ్మ దేవత నాన్నా. పల్లెత్తు మాట అనేది కాదు."

మాణిక్యాంబని ఎన్నడూ చూడని పనివాళ్ళు కూడా అవునవునన్నారు. తణుకులో పోయినవాళ్ళ గురించి అందరూ ఇలాగే చెబుతారు. ఎవరూ అబద్ధం చెప్పరు.

మధ్యాహ్నం శ్యామల వచ్చి వంటింటికి ముద్ర వేసింది. అప్పటికి నాగభూషణం పనివాళ్ళ మీద విరుచుకుపడుతున్నాడు. గచ్చంతా సిమెంటు చేశారనీ, చేతగాని సన్నాసులనీ తిడుతున్నాడు.

"పెద్దాయనకి కాస్త నోరెక్కువలా ఉందే," అంది శ్యామల హైమతో. "ఆయనకి కూడా పనిలో పనిగా డీలక్స్ రాసెయ్యనా?"

"ఇప్పుడెందుకు లెండి," అంది హైమ నెమ్మదిగా, తండ్రి భుజం మీది సున్నం దులుపుతూ. "ఆయన పోయాక చూద్దాం."

నాగభూషణం తలూపాడు. పద్ధతి అదే మరి.